పెట్టెలో నీలం దారం

మధ్యాహ్నం మూడింటికి, ఆసిఫాబాద్ దాటాక, అడవి అంచున వ్యాను మమ్మల్ని దించింది. ఎర్రమట్టి గుట్ట. దాని కింద ఇసుక బస్తాల గోడ, వెదురు తడకల ఇళ్లు. సరిహద్దులోని ఊరంట అది. సినిమావాళ్లు కట్టారు. యుద్ధంలో పిల్లలు పోయిన ఇళ్ల కథ. శవం మీద పడి ఏడ్చే పని నాది. చొప్పదండి పక్కన మా ఊళ్లో ఎవరు పోయినా శోకం ఎత్తుకునేది నేనే, అందుకని పిలిచారు. ఎనిమిది రోజుల డ్యూటీ.

నా సామాను: గొంగడి, చెంబు, రెండు చీరలు, చిన్న ఫోను, మనవడి పాత మిలిటరీ చొక్కా. చలికి చీర మీద అదే తొడుక్కుంటాను. మోచేతి చిరుగుకు నీలం దారంతో కుట్టాను. ఆకుపచ్చది ఇంట్లో లేదు. ఒక్క చిరుగుకు కొత్త దారపు ఉండ ఎవరు కొంటారు?

మనవడు తిరుపతి మిలిటరీలో, నిజమైన సరిహద్దులోనే ఉన్నాడు. నేను బయలుదేరే రెండు రోజుల ముందు ఫోన్ చేశాడు. "బాపమ్మా, గీడ జర గడబిడ ఉన్నది. కొన్ని దినాలు ఫోన్ రాదు. ఫికర్ పెట్టుకోకు" అన్నాడు. ఇంట్లో కూర్చుని ఆ ఫోను వంక చూడలేకే ఈ పనికి ఒప్పుకున్నాను.

ఆర్డర్లన్నీ వాకీటాకీ పట్టుకుని తిరిగే సినిమా పిల్లవి. ఐదున్నరకు లేవాలి. ఏడింటికి పొగమంచులో నిలబడాలి. చెప్పేదాకా కదలొద్దు. యుద్ధం సీన్లకు మందుగుండు పేల్చేది ఒకప్పుడు బొగ్గుబాయిలో చేసిన ముసలాయన. మొదటి పేలుడుకే చెంబు వదిలేసి నేల మీద పడ్డాను.

"గిది ఉత్త మట్టే అవ్వా. మా బాయిల పేలితే గుండె జారేది" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. తిరుపతి దగ్గర పేలేది మట్టి కాదు.

సిగ్నల్ గుట్ట మీదే వచ్చేది. రోజుకు మూడుసార్లు ఎక్కాను. ఫోన్ రాలేదు.

ఐదో రోజు, నటులకు బట్టలు తొడిగే ఆయన ఒక కొత్త మిలిటరీ చొక్కాకు తూటా రంధ్రాల్లా కాల్చబోతున్నాడు. మంచి గుడ్డ. చూడబుద్ధి కాలేదు. దాని బదులు కాల్చుకొమ్మని నా ఒంటి మీది పాతది తీసి ఇచ్చాను. ఎవరికి తొడుగుతావని అడగలేదు. ఆ తప్పు నాదే.

ఆరో రోజు ఏడింటికి శవపెట్టె తెచ్చారు. పొగమంచుకు గుట్ట కనపడలేదు. వాకీటాకీ పిల్ల నా పక్కన వంగింది. "అవ్వా, పిలగాని పేరు అర్జున్. పేరు పెట్టి ఏడువు. మధ్యల ఆపకు."

మూత తీశారు. లోపల కళ్లు మూసుకుని ఇరవై ఏళ్ల నటుడు. ఛాతీ మీద కాల్చిన రంధ్రాలు, ఎర్రరంగు. మోచేతి దగ్గర నీలం దారం.

బతికున్నవాడి బట్ట శవానికి తొడగరు. లేవాలనుకున్నాను. అంతలో గుట్ట వెనక మందు పేలింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"తిరుపతీ, నన్నిడిచి ఏడికి పోతివి కొడుకా..."

అనేశాను. ఉన్నాడో లేడో తెలియనివాణ్ని పేరు పెట్టి చచ్చినవాడిలా పిలిచాను. ఏడుపు ఆగలేదు. వాళ్లూ ఆపలేదు. అది వాళ్లకు బాగుంది.

అప్పుడు పెట్టెలో చేయి కదిలింది. వాడు కళ్లు తెరవలేదు. కెమెరాకు కనపడకుండా, అంచు చాటున నా చిటికెన వేలు పట్టుకున్నాడు. గట్టిగా.

కట్ అనగానే వాడి చొక్కా గుండీలు విప్పాను. ఏమీ అడగకుండా చేతులు చాపాడు. దర్శకుడు ఇంకోసారి తీయాలన్నాడు.

"ఇంకోపాలి నేనేడువ. ఏం జేసుకుంటరో జేసుకోండ్రి" అన్నాను. మిగిలిన రెండు రోజులు గుంపులో ఊరికే నిలబడ్డాను.

తిరుగు దారిలో, మంచిర్యాల దాటాక ఫోన్ మోగింది.

"బాపమ్మా, తిన్నవా?"

తిన్నానని చెప్పాను. వాడి చొక్కాకు ఎర్రరంగు అంటిందని మాత్రం చెప్పాను.

"పారెయ్యరాదు. పాతదే గద" అన్నాడు.

పారేయలేదు. మూడుసార్లు ఉతికాను, రంగు పోయింది, రంధ్రాలు ఉండిపోయాయి. తొడుక్కోవడం లేదు. తిరుపతి సెలవుకు వచ్చి నా ఎదుట అన్నం తిని పోయాడు. అయినా చలి పడిన తెల్లవారుజామున నా చిటికెన వేలును ఎవరో పట్టుకుంటారు. పెట్టెలోంచి వచ్చిన చేయి. వెచ్చటి చేయి.