ఇంటిపేరు మారినా

డాక్టరమ్మ హిందీలో చెప్పినవాటిలో బుల్లమ్మ మనసుకు పట్టిన మాట ఒక్కటే: ఖాన్‌దానీ. ఆమె భర్త అప్పలరాముడి ప్రాణం తీసిన ప్రోస్టేట్ క్యాన్సర్ అలాంటిదట. అతని రక్తంలో ఒక జన్యువు పుట్టుకతోనే దెబ్బతిని ఉందట. అతని అన్న కూడా ఆ జబ్బుతోనే పోయాడు. పిల్లలిద్దరూ రక్తపరీక్ష చేయించుకోవాలని అతను బతికుండగానే చెప్పారు.

ఖాన్‌దాన్ అంటే వంశం. వంశమంటే ఇంటిపేరు. బుల్లమ్మకు అర్థమైంది అంతే. చోడిపల్లి ఇంటిపేరు మోస్తున్నది కొడుకు పైడిబాబు ఒక్కడే. కూతురు చిట్టితల్లికి తుష్నాబాద్‌లో పెళ్లయి ఏనాడో ఇంటిపేరు మారింది. ఆడపిల్ల బయటపడిందని అంత ఏడుపులోనూ ఆమెకు ఓ మూల ఊరట.

సంవత్సరీకం అయిపోయినా పైడిబాబు ఆసుపత్రి మాట ఎత్తనివ్వలేదు. బతు బస్తీలో ఇంటి ముందు వల బాగుచేసుకుంటూ విసుక్కునేవాడు.

"నాకేటైందని? నలభై దాటినా పడవ నానే లాగుతున్నాను."

"మీ అయ్యా ఇలాగే అనీవోడురా," అనేది బుల్లమ్మ.

ఓ ఆదివారం చిట్టితల్లి వచ్చి అన్న పక్కన చతికిలబడింది. "సూదంటే బయమేటి భయ్యా?"

"సొరసేపకే బయపడను నాను."

"సొర సంగతి ఎవులడిగారు?"

పైడిబాబు నవ్వబోయి ఆగాడు. "సూదికి కాదే. అది సెప్పే జవాబుకి."

"అయితే నానూ రగతం ఇత్తాను. కలిసి ఎల్దాం."

"నీకెందుకే? నువ్వీ ఇంటిదానివి కాదు గదా," అంది బుల్లమ్మ.

"అదేటమ్మా!" అని, చిట్టితల్లి వల దారం సర్దసాగింది.

ఇద్దరి రక్తమూ పరీక్షకు సముద్రం దాటి మెయిన్‌ల్యాండ్ వెళ్లింది. జవాబు వచ్చేదాకా బుల్లమ్మ గంగమ్మకు కొడుకు పేరు చెప్పే మొక్కుకుంది.

పైడిబాబుకు ఆ లోపం రాలేదు. చిట్టితల్లికి వచ్చింది.

"పేరుతో పోయేది కాదమ్మా, రక్తంతో వచ్చేది," అంది డాక్టరమ్మ. "కూతురిలోనూ సగం తండ్రే. జబ్బు ఇంకా రాలేదు, వచ్చే భయం ఎక్కువ, అంతే. ఆడవాళ్లకు ఈ లోపం వల్ల రొమ్ము క్యాన్సర్ రావచ్చు, ఈమె ఏటేటా రొమ్ములు చూపించుకోవాలి. ఈమె కొడుక్కి కూడా ఈ లోపం వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. పెద్దయ్యాక పరీక్ష చేయించండి. ఉంటే, ప్రోస్టేట్‌ను ముందునుంచే కనిపెట్టి ఉండొచ్చు."

బయట బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. తప్పించుకున్నవాడే తల ఎత్తలేకపోయాడు.

"పడవ నీకిచ్చాడు, వలలు నీకిచ్చాడు," అంది చిట్టితల్లి. "అయ్య నాకేటీ ఇవ్వనేదని అలిగీదాన్ని. సూడు, ఇచ్చీసినాడు."

"ఊరుకోయే," అన్నాడు పైడిబాబు.

"నా కన్నబాబు పెద్దోడయ్యాక పరీచ్చకి వాడిని నువ్వే తేవాలి. నీలాగే మొండోడు."

"ఎత్తుకొత్తాను."

బుల్లమ్మ కూతురి తల తన భుజానికి ఆనించుకుంది. నడినెత్తిన రెండు సుడులు, అచ్చం అప్పలరాముడివే. చిన్నప్పుడు ఎన్నిసార్లు దువ్వినా పాపిడి తిన్నగా వచ్చేది కాదు. వేళ్లతో ఆ జుట్టే సవరిస్తూ కూర్చుంది.

రొమ్ము పరీక్ష గది దగ్గర నర్సు కేకేసింది. "గనగళ్ల చిట్టితల్లి కౌన్ హై?"

కూతురి కంటే ముందు బుల్లమ్మ లేచింది.

"హమారా హై దీదీ. చోడిపల్లి అప్పలరాముడి బేటీ."