కంచంలో దొరికిన చేపలు

ఆ రోజుల్లో నాకు లోకమంతా అబద్ధాలు చెబుతున్నట్టే కనిపించేది. డిగ్రీ చేతికొచ్చి ఏడాది కాలేదు, అప్పుడే మనుషుల్ని చదివేశానన్న ధీమా. (మనుషులు నన్ను అంతకు ముందే చదివేశారని తర్వాత తెలిసింది.) భూపాలపల్లి అవతల నదికి ఆనకట్ట కట్టేలోపు అందులోని నాటు చేపల జాబితా రాసే మూడు నెలల కొలువు దొరికింది. పాలకుర్తి వరిపొలాల మధ్య పెరిగినవాణ్ణి, చేపను వేపుడుగా తప్ప ఎరగను. జాబితా నిండకపోతే ఇంటికి పొమ్మంటామని పైఅధికారి ముందే చెప్పాడు.

రోజూ తెల్లవారేసరికి టేపు, కాంటా, నోటుపుస్తకం పట్టుకుని ఒడ్డున నిలబడేవాణ్ణి. నాకు భోజనం పెట్టే అవ్వ పెనిమిటి, మీసాల పెద్దాయన, ఖాళీ వల దులిపి చూపించేవాడు. "ఏం లెవ్వు సారూ, ఈ ఏడు చేపలే పడుతలెవ్వు." వలకు మాత్రం తడి పొలుసులు అంటుకుని ఉండేవి. వీళ్లు దాస్తున్నారని నా అనుమానం. వాళ్ల అనుమానం నా టేపు మీద. అంతకుముందు టేపు పట్టుకుని వచ్చినవాళ్లు చేలు కొలిచి, ఇవన్నీ మునుగుతాయని చెప్పి పోయారట. ఈసారి వచ్చినవాడు చేపల్ని కూడా రాసుకుని పట్టుకుపోతాడని ఊరంతా తీర్మానించుకుంది.

అయితే అవ్వకు ఒక పట్టింపు ఉంది. గడప తొక్కిన మనిషికి చేప లేకుండా అన్నం పెట్టదు, వాడు దొంగైనా సరే. (నా మొహం చూస్తూనే అంది ఈ మాట.) అలా పొద్దున ఒడ్డున లేని చేపలు మధ్యాహ్నం కంచంలో ప్రత్యక్షమయ్యేవి. ఒకరోజు వాలుగ, ఒకరోజు కొర్రమట్ట, మరునాడు జెల్ల. తలకాయ ముక్క అడిగి మరీ వేయించుకుని, బొమ్మల పుస్తకంతో పోల్చి, చెయ్యి కడుక్కుని గుట్టుగా రాసుకునేవాణ్ణి. శాస్త్రం కోసం అంత తిన్నవాడు ఇంకొకడు ఉండడు.

ఒకనాడు అవ్వ గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడింది. "తిన్నప్పుడల్లా ఏం రాస్తున్నవ్ కొడుకా?"

గొంతులో ముల్లు అడ్డం పడింది. (నిజంగానే.) ఆమె ఉత్త అన్నం ముద్ద మింగించి, ముల్లు దిగాక మళ్లీ అదే ప్రశ్న వేసింది. అంతా చెప్పేశాను.

"మరి మేము లెవ్వంటే, లెవ్వనే రాస్తవా?"

"వలలో చూడంది రాయొద్దన్నరు అవ్వా, కంచంల చూసింది లెక్కకు రాదు."

ఆమె గరిటె గిన్నెలో పడేసింది. తర్వాత పెనిమిటిని కేకేసింది. "ఓ ముసలోడా, రేపటి సంది దాయకు. గియ్యాల చేపలు లెవ్వంటే, రేపు పట్టెటోళ్లు గూడ లేరంటరు!"

మరునాడు ఒడ్డు నిండా బకెట్లు, బకెట్ల నిండా చేపలు. కొలుస్తూ ఉంటే పెద్దాయన నా పుస్తకంలోకి తొంగిచూశాడు. "చేపనే రాస్తవా సారూ, పట్టినోన్ని రాయవా?" పుస్తకంలో ఉన్న ఆఫీసు ఫారంలో మనుషులకు గడి లేదు. నాకు మనసొప్పక, ప్రతి చేప పక్కన అంచులో పట్టినవాళ్ల పేరు రాశాను.

జాబితా అచ్చయి వచ్చింది. చేపలన్నీ ఉన్నాయి, అంచులోని పేర్లు లేవు. అవ్వ కాగితం తిప్పి చూసి, "మా ముసలోని పేరేడుంది?" అంది. ఆమెకు చదువు రాదు. పెద్దాయన పట్టిన వాలుగ ఉన్న వరుస మీద వేలు పెట్టి చూపించాను. ఆమె కూడా తన వేలు అక్కడ పెట్టి, చాలాసేపు నా మొహమే చూసి, "మంచిగుంది" అంది.

నమ్మిందో, నన్ను చూసి జాలిపడిందో ఇప్పటికీ తెలియదు. ఊరందరినీ అనుమానించి, ఆ ఫారాన్ని ఒక్కదాన్నే నమ్మిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. వెంటనే సిగ్గూ వేస్తుంది.