అక్క తరాజు

ఇవాళ నాందేడ్ బజారులో ఎండుమిర్చి ఘాటుకు కళ్ళు మండాయి. తుడుచుకుని చూస్తే ఒక దుకాణంలో చిన్న ఇత్తడి తరాజు వేలాడుతోంది. మన ధర్మాబాద్‌లో ఇంటింటా ఉండేవి, మీకూ గుర్తుండే ఉంటాయి.

మరాఠీ బడిలో చదివే నాకు అక్క ఇంగ్లీషు వాక్యం నేర్పింది అలాంటి తరాజు మీదే. వాక్యం ఎవరి గురించో నేను చెబితే ఒక పళ్ళెంలో మిరపకాయ వేసేది. వాళ్ళు ఏం చేశారో చెబితే రెండో పళ్ళెంలో ఇంకొకటి వేసేది. నేను "మై ఫాదర్" అని ఆగిపోతే తరాజు ఒక పక్కకే వాలేది.

"నాయన ఏం జేసిండు? సగం చెప్పి ఊకుంటే ఎట్లరా?" అనేది. మొత్తం చెబితే బెల్లంముక్క నోట్లో పెట్టేది.

పోయిన ఏడాది ఆస్పత్రిలో అక్క నా చెయ్యి పట్టుకుని "తమ్మీ, నేను..." అంది. మిగతాది చెబుతుందని ఆమె పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాను. నా చేతిలో ఆమె చెయ్యి చల్లబడింది.

ఇవాళ ఆ తరాజులో ఒక మిరపకాయ వేసి నిలబడ్డాను.

"గదొక్కటేనా? రెండో దిక్కు ఏం వెయ్యాలె?" అని దుకాణం పెద్దాయన అడిగాడు.

"తెల్వది కాకా," అన్నాను.