సీసంతో పూడ్చిన రంధ్రం

లియేజ్ పట్టణంలో మా వీధి నిండా తుపాకుల పనివాళ్లమే. పాత చెకుముకి తుపాకీని సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మందు టోపీతో పేలేలా మార్చేటప్పుడు, నిప్పు దూరే పాత రంధ్రాన్ని ఇనుప మర బిగించి మూసేయాలి. లేదంటే పేల్చినవాడి కంట్లోకే మంట చిమ్ముతుంది. పక్కింటి తూసాన్ అందులో మెత్తటి సీసం పోసి, పైకి తెలియకుండా నల్లరంగు పూయడం గోడ మీదుగా చూసి నాకు ఒళ్లు మండింది. వెంటనే అతని పెళ్లాం ఒడీల్‌ని పిలిచి చూపించాను.

"పని ఇచ్చిన షావుకారే అలా చేయమన్నాడే. ఇవి సముద్రం దాటిపోయే సరుకు," అని నసిగాడు తూసాన్.

"అక్కడివాళ్లవి కళ్లు కావా?" అంటూ ఒడీల్ సీసం పోసిన ఒక తుపాకీలో మందు కూరి అతని చేతిలో పెట్టింది. "నీ చెంపకానించి పేల్చవయ్యా, చూస్తా!"

తూసాన్ దాన్ని మెల్లగా కింద పెట్టి, పోసిన సీసమంతా తొలవడం మొదలుపెట్టాడు. అది తెలిసి సిగ్గులేని ఆ షావుకారు మిగతా తుపాకుల్ని సీసంతోనే పూడ్పించడానికి పై వీధి పనివాళ్లకు పంపాడు. నేనూ ఒడీలూ ఇప్పుడు అక్కడికే బయల్దేరుతున్నాం.