కార్బైడ్ గదిలో సూరన్నయ్య

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. పొద్దున నూజివీడు బజార్లో మామిడి గంపలోంచి కార్బైడ్ కంపు కొట్టింది. మన ఈడు వాళ్ళకు గుర్తుందిగా, కుళ్ళిన వెల్లుల్లి లాంటి ఆ కంపు?

ఎనభైల్లో, నాకు పదేళ్ళప్పుడు, మా సూరన్నయ్య హనుమాన్ జంక్షన్‌లో రేడియోల పని నేర్చుకున్నాడు. పాడైన బోర్డుల నుంచి పనికొచ్చే చిన్న సామాన్లు ఇంట్లో కూర్చుని ఊడదీసేవాడు. ముందు కిటికీ తెరిచేవాడు. వేడెక్కిన సోల్డరింగ్ కడ్డీ ఆనించి, సీసం కరిగేదాకా ఆగి, పట్టకారుతో మెల్లగా లాగేవాడు.

"తొందరపడితే బోర్డు చెడుద్దే. ఆ పొగ పీల్చకు, ఎడంగా కూర్చో" అనేవాడు నాతో. అంత జాగ్రత్త మనిషి.

ఆ వేసవిలో నాన్న అదే గదిలో మామిడికాయ మాగవేశాడు. గంపల్లో కార్బైడ్ పొట్లాలు పెట్టి, పైన తడి గోనెలు కప్పాడు. అన్నయ్య కిటికీ తీయబోతే అరిచాడు.

"ముయ్యరా! గాలాడితే కాయ మాగుద్దా?"

"పోనీ అరుగు మీద చేసుకుంటా నాన్నా."

"నీ ఇనప ముక్కలు ఊరందరికీ చూపించాలా? లోపలే ఏడువు."

కిటికీ మూసిన ఆ గదిలోనే అన్నయ్య పనికి కూర్చున్నాడు. తడికి కార్బైడ్ వదిలిన గ్యాసు ఆ కడ్డీ వేడికి భగ్గుమంది. అన్నయ్యకు రెండు కళ్ళూ పోయాయి.

ఊరంతా అన్నయ్యదే అజాగ్రత్త అంది. నాన్న కాదనలేదు. నేను నోరు తెరవబోతే అన్నయ్యే నా చెయ్యి తడుముకుని పట్టుకున్నాడు. "చెప్పకే. నాన్న తట్టుకోలేడు."

ఇద్దరూ పోయారు. మొన్న అన్నయ్య కొడుకే, "మా నాన్న చేజేతులా చేసుకున్నాడత్తా" అన్నాడు. ఒరేయ్, విను. తప్పు మీ తాతది. ఇన్నేళ్ళూ నోరు మూసుకున్న తప్పు నాది. మీ నాన్నది ఏమీ లేదు.