పాలు బలమా, గుడ్డు బలమా: సమ్మె రోజుల్లో కోరుట్ల, సిరిసిల్ల ప్రయాణం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, ఐదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని జగిత్యాల నుంచి కోరుట్లకు, అక్కడి నుంచి సిరిసిల్లకు ఎవరైనా బయల్దేరతారా అని తర్వాత చాలామంది అడిగారు. సరదాకి బయల్దేరలేదు. మా ఇంట్లో ఏడాదిగా నడుస్తున్న గొడవ మమ్మల్ని ఆ రోడ్డెక్కించింది. మా ఆయన రవీందర్ మండలాఫీసులో గుమస్తా. ఆయన దృష్టిలో పిల్లలకు బలమంటే పాలు. మా పాప అమూల్యకు పొద్దున లేవగానే ఒక పెద్ద గ్లాసు, బడి నుంచి రాగానే ఇంకొకటి, పడుకునే ముందు మరొకటి, అన్నింట్లోనూ డబ్బా పొడి రెండేసి చెంచాలు. నా దృష్టిలో బలమంటే గుడ్డు, తోటకూర, మొక్కజొన్న రవ్వతో వండే మక్క గటక. గుడ్డు పిల్లకు వేడి చేస్తుందని ఆయన, పాలతోనే కడుపు నింపితే అన్నం ఎప్పుడు తింటుందని నేను. పిల్ల మాత్రం రోజురోజుకీ పాలిపోయింది. మేడ మెట్లు నాలుగెక్కితే ఆయాసపడి కూర్చునేది.

అంతకు ముందు జగిత్యాలలోనే రెండుసార్లు డాక్టరుకు చూపించాం. ఒకసారి ఆయన తీసుకెళ్లి, పాలు బాగా తాగుతుందని చెప్పి వచ్చాడు. ఇంకోసారి నేను తీసుకెళ్లి, గుడ్డూ ఆకుకూరా పెడుతున్నానని చెప్పి వచ్చాను. రెండుసార్లూ టానిక్ సీసా తెచ్చుకున్నాం. సమ్మెతో ఆయన ఆఫీసూ, నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడీ మూతపడ్డాయి. పనిరోజుల్లో ఇద్దరం ఒకేసారి ఖాళీగా ఉండడం పెళ్లయ్యాక అదే మొదలు. కోరుట్లలో పిల్లల డాక్టరుగా మంచి పేరున్న ఒక పెద్దాయనకు చూపించి, అటునుంచి అటే సిరిసిల్లలో మా అత్తగారింటికి వెళ్లి, మర్నాడు తిరిగి రావాలని అనుకున్నాం.

మామూలు రోజుల్లో జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులో ముప్పావు గంట చాలు. ఆ రోజుల్లో బస్సులు లేవు కాబట్టి జీపులే దిక్కు. పొద్దున ఏడింటికి పాత బస్టాండు దగ్గర ఖాజా అనే ఆయన జీపు దొరికింది. మనిషికి నలభై రూపాయలు అన్నాడు, అంటే మామూలుకు రెట్టింపు. ఎన్నింటికి చేరుస్తావని అడిగితే, "అక్కా, బండి కదిలే టైము చెప్త గని చేరే టైము చెప్ప. మేడిపల్లి కాడ రాస్తారోకో ఉంటె నా చేతుల ఏం లేదు" అన్నాడు. ఆ మాట నిజాయితీగా ఉందనిపించి ఎక్కాం. ఎక్కీ ఎక్కగానే మా ఆయన సంచిలోంచి ఫ్లాస్కు తీశాడు.

"బండ్ల వాంతి చేసుకుంటది, ఇప్పుడు ఇయ్యకురి" అన్నాను.

"పొద్దుగాల పాలు తాగకుంటె పిల్ల ఎట్ల తట్టుకుంటది?" అంటూనే మూత విప్పి తాగించాడు.

మేడిపల్లి దగ్గర నిజంగానే రాస్తారోకో. అరగంట ఆగాం. బండి మళ్లీ కదిలి కుదుపులు మొదలవగానే అమూల్య తాగిన పాలన్నీ నా చీర మీద కక్కేసింది. ఖాజా బండి పక్కకు ఆపి నీళ్ల డబ్బా అందించాడు. "ఏం కాదు బేటీ, అయిపోయింది" అంటూ పిల్ల ముఖం కడిగాడు. నేను మా ఆయన వైపు చూడలేదు. చూస్తే ఏం మాట అంటానో నాకే తెలియదు.

తొమ్మిదింటికి కోరుట్లలో దిగాం. డాక్టరు ముందు రక్త పరీక్ష చేయించమన్నాడు. కాగితం చేతికొచ్చేసరికి పదిన్నర దాటింది. రక్తం ఏడున్నర. పదకొండైనా ఉండాలట. డాక్టరు ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తీసి మమ్మల్నిద్దరినీ చూశాడు.

"పొద్దున లేసినకాంచి పండుకునేదాక ఈ పిల్ల నోట్లెకు ఏమేం పోతదో చెప్పున్రి. ఒక్కలు కాదు, ఇద్దరు చెప్పున్రి."

మా ఆయన మూడు గ్లాసుల పాల సంగతి గొప్పగానే చెప్పాడు. నేను వెంటనే అందుకుని, "సార్, నేను గుడ్డు పెడుత, ఆకుకూర పెడుత. గీ పాల మీద ఏదీ తినది" అన్నాను. "గంతేనా? ఇంకేం లేదా?" అని డాక్టరు నన్నే అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే మా ఆయన అన్నాడు, "పొద్దున, సాయంత్రం తల్లీబిడ్డలు కూసోని చాయల రస్కు ముంచుకోని తింటరు సార్. గది చెప్పదు."

ఆసుపత్రి అని కూడా చూడకుండా నేను గట్టిగానే అరిచాను. గుక్కెడు చాయకు ఏమవుతుందని, రస్కన్నా తింటుందని ఇస్తున్నానని, మూడు గ్లాసుల పాలు పోసేవాడు నా గుక్కెడు చాయను లెక్కబెడతాడా అని. డాక్టరు అరచేత్తో బల్ల మీద కొట్టాడు.

"ఇద్దరు నోరు మూసుకోన్రి. గన్ని పాలు తాగినంక కడుపుల అన్నానికి జాగ ఏడుంటది? పాలల్ల రక్తం పట్టించే ఇనుము ఉండదు. ఇగ తిన్న నాలుగు మెతుకులల్ల ఉన్నదాన్ని నీ చాయ ఒంటికి పట్టనియ్యదు. ఆయన ఒక దిక్కు, నువ్వొక దిక్కు. మధ్యల పిల్ల ఆరిపోతున్నది. ఇంకొన్ని రోజులైతె రక్తం ఎక్కియ్యాల్సి అస్తుండె."

తర్వాత గొంతు తగ్గించి, మన్ను గానీ బలపం గానీ తింటుందా అని అడిగాడు. తింటుంది. పలక బలపాలు కొరుక్కు తింటుందని ఆ నెలలోనే నేను రెండుసార్లు కొట్టాను. ఒకసారి చేతి మీద వాత తేలింది. రక్తం తక్కువైన పిల్లలకు అలాంటివి తినాలనిపిస్తుందని, అది జబ్బే గానీ చెడ్డబుద్ధి కాదని ఆయన చెప్తుంటే నా చెవులు వేడెక్కాయి. ఎవరి మీద కోపమో చెప్పలేను. కొట్టినప్పుడు పక్కనే ఉండి "ఇంకో రెండెయ్యి" అన్న మనిషి మీదా, కొట్టిన నా చేతి మీదా.

డాక్టరు ఇనుము మందు రాసిచ్చాడు. దాన్ని పాలతో ఇవ్వొద్దన్నాడు. పాలు రోజుకు ఒక చిన్న గ్లాసు, అదీ అన్నం తిన్న చాలాసేపటికి. చాయ అసలే వద్దు. గుడ్డు, మాంసం, ఆకుకూర, పప్పు, వాటి మీద నిమ్మకాయ పిండాలి. నెలకు మళ్లీ రావాలి.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, వేములవాడ మీదుగా వెళ్లే రోడ్డు అరవై కిలోమీటర్ల పైనే. మామూలుగా రెండు గంటలు. జగిత్యాల వైపు తిరిగి వెళ్లనక్కర్లేకుండా ఇదే దగ్గరి దారి, రద్దీ కూడా తక్కువ. సగం రోడ్డు మీద రైతులు మక్కలు ఆరబోస్తారు కాబట్టి బండి నెమ్మదిగానే పోతుంది. ఖాజా జీపునే మాట్లాడుకున్నాం, ఇంకో ముగ్గురిని ఎక్కించుకుంటానంటే సరేనన్నాం. పన్నెండింటికి కథలాపూర్ చేరేసరికి రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ల వంటా వార్పు. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు, వాటి మీద అన్నం వండే పెద్ద గంజులు, చుట్టూ ఊరి ఆడవాళ్లు. రెండింటిదాకా బండ్లు కదలవని చెప్పారు. ఆగిన బండ్లలోని వాళ్లందరికీ అక్కడే భోజనం.

లచ్చవ్వ అనే పెద్దామె ఇస్తరాకులు వేసి మమ్మల్ని కూర్చోమంది. అన్నం, తోటకూర పప్పు, పచ్చిపులుసు. అమూల్య ముందు ఆకు వేస్తుంటే మా ఆయన, "ఒద్దవ్వా, పొద్దున కక్కింది. రోడ్డు మీది తిండి పడదు" అన్నాడు. సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీశాడు.

అప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చింది. మామూలుగా మా ఆయనను మీరు అనే నేను నువ్వులోకి దిగాను. "డాక్టర్ చెప్పి గంట కాలేదు. మళ్ల బిస్కెట్టా? రోజు సమ్మె టెంట్ల కూసోని మైకు పట్టుకుంటవు, పిల్లల భవిష్యత్తు అంటవు. నీ పిల్ల ఒంట్లె రక్తం లేదు, ముందు గది చూసుకో!"

చుట్టూ ఉన్నవాళ్లు మా వైపు తిరిగారు. ఆయన ముఖం నల్లబడింది. "చాయ పోసింది నేనా? బలపం తింటె కొట్టింది నేనా?" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఇంకేం అనేదాన్నో, లచ్చవ్వ గరిటె మా ఇద్దరి మధ్యా పెట్టింది.

"మీ లొల్లి మీరు పెట్టుకోన్రి. నేను పిల్లను అడుగుత. ఏం బిడ్డా, పప్పన్నం తింటవా?"

అమూల్య నన్ను చూసింది, వాళ్ల నాన్నను చూసింది. "వీళ్లు లొల్లి పెట్టకుంటె తింట" అంది.

ఎవరూ నవ్వలేదు. లచ్చవ్వ పిల్లను తన పక్కన కూర్చోబెట్టుకుని పప్పన్నం కలిపి పెట్టింది. పొద్దున కక్కినప్పటి నుంచి కడుపులో పాలు లేవు కాబట్టి పిల్ల ఎనిమిది ముద్దలు తిన్నది. అన్ని ముద్దలు మా ఇంట్లో ఎన్నడూ తినలేదు. సంతోషపడాల్సిన సమయమే అది, కానీ నాకు ఇంకా కోపమే వచ్చింది. ఏడాది పాటు ఇంత చిన్న సంగతి మా ఇద్దరు చదువుకున్నవాళ్లకు తెలియలేదేమిటి? ఇద్దరం గెలవాలని చూశాం తప్ప పిల్లకు ఆకలి ఎందుకు లేదని ఒక్కరోజూ ఆలోచించలేదు. మా ఆయన రోడ్డు పక్క మోరీ గట్టు మీద ఒంటరిగా కూర్చుని, మా జీపు కదిలేదాకా ఏమీ తినలేదు.

నాలుగున్నరకు సిరిసిల్ల చేరాం. కరెంటు లేక సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగి వీధంతా నిశ్శబ్దంగా ఉంది. మా అత్తగారు ఉండే బావగారింటికి కూడా ఆ మగ్గాలే ఆధారం, అందుకని అందరూ గుమ్మాల్లో కూర్చుని ఉన్నారు. మా అత్తమ్మ రాజవ్వ మనవరాలిని చూసి పరుగున లోపలికి వెళ్లి పెద్ద గ్లాసు నిండా చక్కెర వేసిన పాలు తెచ్చింది. మా ఆయన చేయి చాచి అందుకున్నాడు.

"గది కింద పెట్టు" అన్నాను.

"ఒక్క గ్లాసుకు ఏమైతది? అమ్మ అంత ప్రేమతోని తెచ్చె..."

"కింద పెట్టమంటున్న!"

అత్తమ్మ బెదిరిపోయింది. కోడలు కొడుకు మీద అరవడం ఆమె అంతవరకు చూడలేదు. డాక్టరు చెప్పినదంతా నేను గడగడా చెప్పేశాను. ఆమె గ్లాసు తీసుకుని కొంగుతో మూసి, గడప మీద కూలబడింది.

"గీ పాల పిచ్చి వానికి నాతోనే అచ్చింది బిడ్డా. వీడు సిన్నగున్నప్పుడు ఇంట్ల పాలంటె మీ మామ చాయకు పావు గ్లాసు, గంతే. పక్కింటి పోరడు పాలు తాగుతుంటె వీడు గోడ మీదికెళ్లి సూస్తుండె. నేను గుంజుకచ్చి కొడుతుంటి. నౌకరి అచ్చిన దినం ఒక్కటే మాటన్నడు. అమ్మా, నా పిల్లలకు పాలు తక్కువ కానియ్య అన్నడు."

మా ఆయన తల వంచుకున్నాడు. పెళ్లయిన ఏడేళ్లలో ఆ సంగతి ఒక్కసారి కూడా నాతో అనలేదు. జాలి కలిగిన మాట నిజం. కోపం మాత్రం తగ్గలేదు. ఆ మాట నాకు ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా అన్న కోపం దానికి తోడైంది.

కాసేపటికి అత్తమ్మ చాయ పెట్టింది. నా మనసు ఇంకా ఉడుకుతూనే ఉంది. అత్తమ్మ పళ్లెంలో రస్కులు పెట్టింది. అమూల్య వచ్చి నా మోకాలికి ఆనుకుని నిలబడింది. నేను అత్తమ్మతో మాట్లాడుతూనే ఒక రస్కు తీసి, చాయలో ముంచి, పిల్ల నోటి దగ్గర పెట్టాను.

మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

అరవలేదు. "సుజాతా" అన్నాడు, అంతే. తడిసిన రస్కు విరిగి నేల మీద పడింది. పాల గ్లాసు కోసం అంతమంది ముందు అరిచి గంట కూడా కాలేదు. అంతవరకు ఆయన మీద పోగుచేసుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. వంటగదిలోకి వెళ్లి గోడ వైపు తిరిగి ఏడ్చాను. బయట ఆయన, "రెండు గుడ్లు ఉడకబెట్టమ్మా" అని వాళ్లమ్మకు చెప్పడం వినిపించింది.

మర్నాడు పొద్దున ఆరింటికి వేములవాడ, కొడిమ్యాల మీదుగా వేరే జీపులో బయల్దేరి ఎనిమిదిన్నరకు జగిత్యాల చేరాం. ఆ దారిలో ఎక్కడా ఆపలేదు. నెల తర్వాత పరీక్షలో రక్తం తొమ్మిదికి చేరింది, మూడు నెలలకు పదకొండు దాటింది. బలపాలు తినడం దానంతటదే పోయింది. మా కొట్లాటలు పోయాయని మాత్రం అనను. గటక బీదోళ్ల తిండని ఆయన ఇప్పటికీ అంటాడు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పిల్లల తిండి గురించి తల్లిదండ్రులు కొట్లాడుకునేటప్పుడు ఇద్దరికీ తాము పిల్ల పక్షమే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఆ ఏడాదంతా పిల్ల పక్షాన మా ఇంట్లో ఎవరూ లేరు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, రావాలనే కోరుకుంటాను.

ఇప్పుడు బస్సులు తిరుగుతున్నాయి కాబట్టి కోరుట్ల ప్రయాణం కష్టమేమీ కాదు. పొద్దున ఏడింటి బస్సెక్కితే పరీక్షలన్నీ అయ్యి మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు. నేను చెప్పేది ఒక్కటే. పిల్లను డాక్టరుకు చూపించడానికి ఇద్దరూ కలిసి వెళ్లండి. ముందురోజు పిల్ల తిన్నదీ తాగిందీ ఎవరికి వారు విడివిడిగా కాగితం మీద రాసుకుని, ఒకరిది ఒకరు చూడకుండా రెండు కాగితాలూ డాక్టరు చేతికే ఇవ్వండి.