పిడికెడు కొర్రలు

నంద్యాలలో బైబిలు స్త్రీగా తర్ఫీదు పొంది నేను ఆళ్లగడ్డ వచ్చేనాటికి కర్నూలు రాజధాని అయి ఏడాది దాటింది. మా వైపు అప్పట్లో మిషన్ వేరు, సంఘం వేరు. మిషన్ అంటే నంద్యాల బంగళాలో ఉండే దొరసాని, ఆమె జీపు, ఆమె పంపితే ఊరూరూ తిరిగి పాటలు పాడి వాక్యం చెప్పే నాలాంటి వాళ్లు. సంఘం అంటే ఆదివారం గుడిలో చాపల మీద కూర్చునే మేమంతా. ఒకే దేవుడికి రెండు కాపురాలు ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నెల జీతం అందుతుంటే అలాంటి ప్రశ్నలు పుట్టవు.

రుద్రవరం దారిలో ఒక పల్లెకు వారానికొకసారి నడిచి వెళ్లేదాన్ని. అక్కడ బాగా భూములున్న ఒక రైతు ఇంటి అవ్వ నా పాటలు వినడానికి పశువుల కొట్టం ముందు పీట వేసుకుని కూర్చునేది. నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు. నా పుట్టుక ఆమెకు తెలుసు. దాహమంటే నేను దోసిలి పట్టాలి, ఆమె చెంబు ఎత్తి పైనుంచి పోసేది. అలా తాగడం నాకు అవమానంగానే ఉండేది. అయినా నీళ్లు చల్లగా ఉండేవి, తాగేదాన్ని.

మా వాళ్లకు ఒక అలవాటుంది. ఎసట్లో గింజలు పోసేముందు పిడికెడు తీసి వేరే కుండలో వేస్తాం. అది దేవుడి పనికి. ఒకనాడు మాటల్లో ఆ సంగతి చెప్పాను. తర్వాతి వారం అవ్వ కొట్టంలో మూలకు చూపించింది. కొత్త కుండ, అడుగున కొర్రలు.

"నేనూ ఏస్తాండా పాపా. నా కోడలు నగుతాంది. నగనీ."

రెండో ఏడు వేసవిలో ఒకరోజు అవ్వ నాకు నీళ్లు పోసింది. చెంబు మళ్లీ నింపి నా ముందు పెట్టింది.

"ఇంగ నువ్వు పొయ్యి, నా నెత్తిన. ఆ దేవుని పేరు సెప్పి పొయ్యి."

ఆ ఇంట్లో నేను చెంబు ముట్టుకోవడమే వింత. "నేను పొయ్యకూడదమ్మా. బాప్తిస్మమంటే పాదిరి అయ్యగారు రావాల, సంఘం ఒప్పుకోవాల" అన్నాను. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకైతే ఎవరైనా పోయవచ్చని తర్ఫీదులో చెప్పారు. అవ్వ శుభ్రంగా పీట మీద కూర్చుని ఉంది కదా అనుకున్నాను. మా వీధి చివర ఉండే వేరే సమాజం వాళ్లు, నమ్మిన మనిషి ఎవరైనా కాలువలో ముంచవచ్చనేవారు. వాళ్లను చూసి మేము నవ్వుకునేవాళ్లం.

"ఎప్పుడొస్తాడు మీ అయ్య?"

"వచ్చే నెల నేనే పిల్చుకొస్తా."

"సరే. నేను యాడికీ పోనులే" అంది అవ్వ.

ఆ నెలలోనే దొరసాని తన దేశం వెళ్లిపోయింది. నంద్యాల స్టేషన్లో దండలు వేసి ఏడ్చాం. ఇక మిషన్ లేదు, అంతా సంఘమే అన్నారు. సంబరపడ్డాం కూడా. ఆ ఆదివారం నేను అవ్వ మాట ఎత్తితే మా సంఘ పెద్ద తల అడ్డంగా ఊపాడు.

"ఊర్లు తిరిగేది మిషనోళ్ల పని సూడమ్మా. వాళ్లు పోయినారు. ఈడ గుడి కప్పు కారుతాంది. తన్ను మాలిన ధర్మం యాడన్నా ఉందా? ఆ రైతుల ఇంటి ఆడమనిషికి బాప్తిస్మమిస్తే, రేపు వాళ్లు మన పేట మీదికొస్తే ఎవరడ్డం పడతారు?"

ఆయన మాటలో భయముంది, ఆ భయానికి కారణమూ ఉంది. నాకు కోపమొచ్చింది గానీ సరేనన్నాను. నిజం చెప్పాలంటే లోపల హాయిగానే అనిపించింది. ఎండలో అంత దూరం నడవక్కర్లేదు, దోసిలి పట్టక్కర్లేదు. ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నన్ను ఊర్లు తిరగడం మాని గుడి బడిలో అక్షరాలు చెప్పమన్నారు. చెప్పాను. కానీ వంటకు ముందు పిడికెడు తీసి కుండలో వేస్తే ఆ చప్పుడు రెండుసార్లు వినిపించేది. నా కుండలో ఒకసారి, నా వీపు వెనక ఇంకో కుండలో ఒకసారి. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. నాకు వంటింట్లోకి వెళ్లాలంటేనే భయం పట్టుకుంది.

రెండేళ్లు అలా గడిపి, ఇక ఉండలేక, ఎవరికీ చెప్పకుండా ఒక పొద్దున ఆ పల్లెకు నడిచాను. పీట కొట్టం గోడకు ఆనించి ఉంది. అవ్వ కోడలు బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"పోయినేడు కొర్ర కోతలకే పోయింది మా యత్త. మూడు దినాలు కండ్లు వాకిలి మీదనే పెట్టుకోనుండె. ఆ పాప వస్తాది, వచ్చి పోస్తాది అనేది. ఏం పోస్తావో మాకేం తెలుసు?"

అక్కడే నేల మీద కూర్చున్నాను. ఆమె కొట్టంలోకి పిలిచి మూడు కుండలు చూపించింది. మొదటి దాంట్లో గింజలు పురుగు పట్టి పొట్టు మిగిలింది. మూడో దాంట్లోవి కొత్త కొర్రలు, పచ్చగా ఉన్నాయి.

"ఇవి ఎవరేసినారమ్మా?" అని అడిగాను.

"నేనే ఏస్తాండా. ఒక పూట మరిస్తే ఆయమ్మ కలలోకొచ్చి కుండ తడుముతాది. ఎందుకేయాల్నో నాకు తెలీదు. నీకు తెలుసు గదా. సెప్పు, ఇవి యాడికి పోవాల?"

సంఘానికి అనాలి. నాకు నేర్పిన జవాబు అదే. కానీ మా సంఘం పేర్ల పుస్తకంలో ఈ ఇంటి మనిషి ఒక్కరూ లేరు. మేము కప్పు బాగుచేసుకుని లోపల కూర్చున్నన్నాళ్లూ, దేవుడి పనికి ఈ కొట్టంలో గింజలు పడుతూనే ఉన్నాయి, ఆ దేవుడెవరో తెలియని మనిషి చేత్తో. సిగ్గుతో ఆ కుండల ముందు చతికిలబడ్డాను.

నా వాలకం చూసి ఆమె నీళ్లు తెచ్చింది. అలవాటుగా దోసిలి పట్టాను. ఆమె పోయలేదు. నిండు చెంబు నా చేతుల్లో పెట్టింది.

"ఆ పాప వస్తే చెంబు చేతికే ఇయ్యమని సెప్పి పోయింది మా యత్త."

రెండు చేతులా పట్టుకున్నాను. ఎదురుగా అవ్వ పీట గోడకు ఆనించే ఉంది.